చివరి గడిలో పడే మనిషి

నెలాఖరున జీతానికి పిలిచేటప్పుడు ఆయనకో పేరుండేది. మిగతా రోజులన్నీ ఆయన బొంగరమే. మా ఆఫీసులోనే కాదు, ఊళ్ళో బొమ్మల కథలు చదివిన ఏ పిల్లాణ్ణి అడిగినా బొంగరమెవరో చెబుతాడు. చెప్పి నవ్వుతాడు కూడా. ఆ నవ్వు దగ్గరే నా గొడవంతా.

మాది పిల్లలకి బొమ్మల కథల పుస్తకాలు వేసే సంస్థ. సైకిళ్ళ దుకాణం మీద రెండంతస్తులు. కింద లెక్కలవాళ్ళు, పైన బొమ్మలవాళ్ళు. పైన కిటికీ పక్క బల్ల నాది. బొమ్మల్లో మనుషుల నోటి దగ్గర బుడగలుంటాయి చూడండి, వాటిలో మాటలు రాసేది నేనే. అందరూ అక్షరాలమ్మ అంటారు. ఒకప్పుడు పాళీతో రాసేదాన్ని, ఇప్పుడు కంప్యూటరు మీద రాస్తున్నాను. అప్పుడు వేళ్ళు నొప్పి, ఇప్పుడు మెడ నొప్పి. అంతకుమించి నా బతుకులో వచ్చిన మార్పేమీ లేదు.

బొంగరం మా అటెండరు. టీలు, తాళాలు, ఒక బల్ల మీది కాగితాలు ఇంకో బల్లకి చేర్చడం ఆయన పని. మనిషి పొట్టి, గుండ్రటి పొట్ట, ఎడమ కాలు పుట్టుకతోనే కురచ. నడుస్తుంటే ఒళ్ళంతా ఒక పక్కకి ఒరిగి మళ్ళీ ఇవతలికొస్తుంది. వాళ్ళమ్మకీ అంతేనట. నాకంటే కాస్త పెద్దవాడు కాబట్టి పక్కన ఎవరూ లేనప్పుడు అన్నయ్యా అనేదాన్ని. నలుగురిలో మాత్రం నా నోటికీ బొంగరమనే వచ్చేది.

ఆ పేరెలా వచ్చిందో చెప్పాలి. ఉద్యోగంలో చేరిన రోజే ఆయన మేడమెట్ల మలుపులో టీ గ్లాసుల పళ్ళెంతో సహా పడ్డాడు. అక్కడ మెట్టు అంచు అరిగిపోయింది. దాన్ని ఈరోజు వరకూ ఎవరూ బాగుచేయించలేదు. చప్పుడు విని అందరం పరిగెత్తాం. అప్పట్లో మా బొమ్మలన్నీ గీసే పెద్దాయన ఒకరుండేవారు. ఆయన చెయ్యందించకపోగా, జేబులోంచి పెన్సిలు తీసి, గోడకి కాగితం ఆనించి అక్కడికక్కడే గీయడం మొదలెట్టారు. గాల్లోకి లేచిన గ్లాసులు, ఇంత తెరిచిన నోరు, గిర్రున తిరిగి పడుతున్న పొట్టి మనిషి. ఎంత బాగా వచ్చిందంటే అందరం ఆ కాగితం చుట్టూ మూగి పడీపడీ నవ్వాం. నవ్వి నవ్వి వెనక్కి చూస్తే, ఆయన అప్పటికే లేచి గాజుపెంకులు ఏరుకుంటున్నాడు. వేలికి రక్తం కారుతోంది.

"బొమ్మ బాగా కుదిరిందండయ్యా," అన్నాడు పెద్దాయనతో.

అప్పటికి మా పుస్తకాలకి ప్రాణం మెరుపుదొర. ఆరడుగుల మనిషి, పాలమీగడ లాంటి ఒళ్ళు, వీపు మీద రెపరెపలాడే ఎర్రగుడ్డ. ఎక్కడ అన్యాయం జరిగినా ఆకాశంలోంచి దిగి నాలుగు తగిలించి పోయేవాడు. మరుసటి నెల పుస్తకంలో ఆ దొర వెనకాల సంచీ మోసుకుంటూ బొంగరం అనే బంటు తయారయ్యాడు. కథ ఏదైనా సరే, ఆఖరి పేజీలో చివరి బొమ్మ, మా భాషలో చివరి గడి, వాడిదే. అందులో వాడు పడాలి. బురదలోనో, నూతిలోనో, సున్నం తొట్టిలోనో పడాలి. దొర నడుం మీద చేతులేసుకుని పకపకా నవ్వాలి. పక్కన నేను పసుపు రంగులో ముళ్ళు ముళ్ళుగా 'ధబేల్!' అని రాయాలి. పిల్లలు పుస్తకం కొని ముందు ఆ గడే తిప్పి చూసేవాళ్ళు. దాంతో మాకదో పద్ధతైపోయింది. ప్రతి నెలా అన్నిటికంటే ముందు పడే గడి గీసి గోడకి అంటించేవాళ్ళు. ఆ తర్వాత రచయిత కథని ఎటునించెటో తిప్పి అక్కడికి తెచ్చి వదిలేవాడు.

పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం అంటారు. ఈ ఎలుక మాత్రం ఎప్పుడూ కిక్కురుమనలేదు. టీ ఇవ్వడానికి వచ్చినప్పుడు గోడ మీది గడిని ఓసారి చూసి, "ఈ నెల సున్నంలోనా?" అని అడిగి వెళ్ళిపోయేవాడు.

ఒకసారి వానాకాలంలో, కూతురు చిన్నపిల్లగా ఉన్నప్పుడు, గొడుగు పట్టుకుని బడికి వెళ్ళాడట. గేటు దగ్గర ఆయన్ని చూడగానే పిల్లలు 'ధబేల్' అని అరుస్తూ బురదలో ఒకడి మీద ఒకడు కావాలని పడ్డారట. ఇంటికొచ్చాక కూతురు, "నాన్నా, నువ్వు ఇంకెప్పుడూ బడికి రావద్దు" అంది. ఆయన వెళ్ళలేదు. పైతరగతికి మారిన రోజున వెళ్ళలేదు, బహుమతి ఇచ్చిన రోజున కూడా గేటు బయట చెట్టు చాటున నిలబడి చప్పట్లు విని వచ్చాడు. ఇదంతా నాకు నవ్వుతూ చెప్పాడు. నాకు మాత్రం ఆ పూటంతా మనసు మనసులో లేదు.

ఏళ్ళు గడిచాయి. పెద్దాయన పోయారు. ఆయన వేసిన దొర మాత్రం ఒక్క వెంట్రుక నెరవకుండా ఎగురుతూనే ఉన్నాడు. బొంగరం కూతురు పెద్దదై, ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే చోట పనికి కుదురుకుంది. పెళ్ళయింది, ఒక ఆడపిల్ల పుట్టింది. కూతురికి రాని కాలు మనవరాలికి వచ్చింది.

ఈలోగా మా సంస్థ చేతులు మారింది. కొత్త ఎడిటరు వచ్చాడు. సన్నటి కుర్రవాడు, మంచివాడే, కాకపోతే వారానికి మూడు మీటింగులు పెట్టేవాడు. "మన పాత పాత్రలన్నిటినీ ఈ కాలానికి తగ్గట్టు కొత్తగా మలచాలి. ఈ పుస్తకం తెరిచిన ఏ పిల్లైనా ఇందులో తనలాంటి మనిషిని చూసుకోవాలి," అన్నాడు. మాట బాగుంది. నేను కాదనను. నా మెడ కూడా కాదనలేదు, ఊగింది.

పనులు చకచకా జరిగాయి. మెరుపుదొర పోయి 'మెరుపు' అనే అమ్మాయి వచ్చింది. చామనఛాయ కూడా కాదు, నిక్కచ్చిగా నలుపు. రింగుల జుట్టు, తల్లి బస్సు డ్రైవరు. మా బొమ్మలమ్మాయి, అంటే పెద్దాయన కుర్చీలో ఇప్పుడు కూర్చునే పిల్ల, చాలా ఇష్టంగా గీసింది. దొరకీ మెరుపుకీ పోలికే లేదు, నాకు మెరుపే నచ్చింది. నల్లటి ఒళ్ళు ఉన్నవాడల్లా దొంగగా ఉండే పద్ధతి కూడా ఎత్తేశారు. ఇదెప్పుడో చెయ్యాల్సిన పని అనుకున్నాను.

తర్వాత బొంగరం వంతు వచ్చింది.

"ఒక మనిషి అవిటితనాన్ని చూసి నవ్వించడం ఏం హాస్యమండీ? సిగ్గుచేటు. ఈ పాత్రని తీసేద్దాం," అన్నాడు ఎడిటరు. అందరూ సరే అన్నారు. ఆ మాట అంటూనే పక్కకి తిరిగి, టీ అందిస్తున్న మనిషిని అసలు పేరుతో, చివర గారు చేర్చి పిలిచి, థాంక్సండీ అన్నాడు. ఆఫీసు మొత్తం మీద ఆయన్ని అసలు పేరుతో పిలిచేది ఈ కుర్రవాడొక్కడే. అందుకే బొంగరమెవరో ఈ కుర్రవాడికి తెలియలేదు. అతని ముందు మేమూ ఆ పేరెత్తేవాళ్ళం కాదు, ఎవరమూ చెప్పనూ లేదు. బొంగరం గ్లాసులు తీసుకుని వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం భోజనాల వేళ మెట్ల మీద నా పక్కన కూలబడ్డాడు. డబ్బా మూత తియ్యలేదు.

"తీసేస్తున్నారంటమ్మా."

"మంచిదే కదన్నయ్యా? ఇక పడక్కర్లేదు. ఎవడూ నవ్వడు."

"మనవరాలిని బళ్ళో వేశాం," అన్నాడు. "వారం కాలేదు, బొంగరం అని పేరు పెట్టేశారు. నేనెవరో కూడా తెలీదు వాళ్ళకి. నడక చూసి పెట్టారు. నిన్న పిల్లని వెనక నించి తోసి, పడితే, ధబేల్ అన్నారట. ఈ ఉదయం మంచం కోడు పట్టుకుని కూర్చుంది. బడికి పోనంటే పోనంది. వాళ్ళమ్మ నావైపు చూసిందంతే."

నేను నా డబ్బా మూత పెట్టేశాను.

"అందర్నీ మారుస్తున్నారంటే నన్నూ మారుస్తారనుకున్నానమ్మా. కొత్త పుస్తకం తీసుకెళ్ళి, ఇదిగో చూడు, తాతని ఎలా వేశారో అని చూపిద్దామనుకున్నా. తీసేస్తారనుకోలేదు. పాత పుస్తకాలు ఎక్కడికి పోతాయి? ఇంటింటికీ ఉన్నాయి. వాటన్నిట్లో పడే ఉన్నా. ఇంక తర్వాతి పుస్తకం లేదంటే, నేనింక లేవనట్టే కదా?"

కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టుంది మా వాళ్ళ సంస్కరణ. నాకు ఒళ్ళు మండింది. "వెళ్ళి చెప్పు ఆ మాట! అడగందే అమ్మైనా పెట్టదు," అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. నోట్లో నాలుక లేని మనిషి. డబ్బా అలాగే పట్టుకుని లేవబోతుంటే కింద ఎవరో పిలిచారు, నేను అటు చూశాను. మళ్ళీ ఇటు తిరిగేసరికి ఆయన నిలబడి ఉన్నాడు.

కొత్త పుస్తకం నమూనా తయారైంది. బుడగలన్నీ నింపాను. ఆ రోజు మెడ నొప్పి బాగా ఎక్కువగా ఉంది, ఎప్పుడెప్పుడు ముగించి ఇంటికి పోదామా అని ఉంది. మర్నాడు యజమానులు కూడా వచ్చారు. గది చీకటి చేసి, ఒక్కో పేజీ గోడ మీద పెద్దగా వేసి చూపించారు. అందరూ మెచ్చుకుంటున్నారు. ఆఖరి పేజీ వచ్చింది. పొద్దుగూకే వేళ, మేడ అంచున మెరుపు ఒంటరిగా నిలబడి ఊరివైపు చూస్తోంది. గాలికి జుట్టు ఎగురుతోంది. ఎంత గంభీరంగా ఉందో చెప్పలేను. ఆ పిల్ల కాళ్ళ పక్కన, పసుపు రంగులో ముళ్ళు ముళ్ళుగా, 'ధబేల్!' అని ఉంది.

నేనే రాశాను. చివరి గడి రాగానే చెయ్యి దాని పని అది చేసుకుపోయింది. అన్నేళ్ళ అలవాటు. తప్పులు దిద్దేవాడి కంటికి కూడా ఆనలేదు, వాడు చిన్నప్పటినించీ ఆ గడిలో ఆ మాట చూస్తూ పెరిగినవాడే.

ముందు ఒకరు కిసుక్కుమన్నారు, తర్వాత గదంతా ఘొల్లుమంది. ఎడిటరు ముఖం మాడిపోయింది.

"ఏంటిది? ఎవరు పడ్డారిక్కడ?" అన్నాడు.

"నేనేనండి," అంది వెనక నించి ఒక గొంతు.

లైట్లు వేశారు. టీ పళ్ళెంతో తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. 

"నేనేనండి బొంగరాన్ని. పాత పుస్తకాల్లో పడేది నన్ను చూసి వేసిందే. మీరు తీసేసినా నేను పడుతూనే ఉన్నానండి. మొన్న మా మనవరాలు కూడా పడింది."

గదిలో నవ్వు తెగిపోయింది. ఎడిటరు లేచి నిలబడ్డాడు. పాపం, చెవులదాకా ఎర్రబడ్డాడు. "క్షమించండి, నాకు తెలియదు," అని రెండుమూడుసార్లు అన్నాడు. తర్వాత ఆ కుర్రవాడికి హుషారొచ్చింది. అలాగైతే తీసెయ్యొద్దు, గొప్పగా చేద్దాం అన్నాడు. బొమ్మలమ్మాయి అప్పటికప్పుడు గీసి చూపించింది. విశాలమైన ఛాతీ, కండలు, ఎడమ కాలు ఉక్కుతో చేసింది, దాన్నించి నిప్పురవ్వలు. ఒక్క తన్నుకి గోడ కూలుతోంది.

ఆయన కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు.

"బాగున్నాడమ్మా. ఎవరీయన?"

ఆ పిల్ల పెన్సిలు కింద పెట్టేసింది. "మీరే చెప్పండి బాబాయ్, ఎలా వెయ్యమంటారు?"

"పడటం మానిపించకండి. పడతాను కదా, అబద్ధమెందుకు? పడ్డాక లేస్తాను. అది ఎప్పుడూ వెయ్యలేదు మీరు. ఒక్కసారి వెయ్యండి."

"ఎలా లేస్తారు?"

 ఇన్నేళ్ళు ఒకే కప్పు కింద పనిచేశాం, ఆయన ఎలా లేస్తాడో మాలో ఒక్కరమూ చూడలేదు. ఆయన పళ్ళెం తెచ్చి నా చేతిలో పెట్టాడు. మెల్లగా కింద కూర్చున్నాడు. కుడిపక్కకి దొర్లి, రెండు అరచేతులూ నేలకి ఆన్చాడు. కుడి మోకాలు పొట్ట కిందకి లాక్కున్నాడు. ఎడమ కాలు వెనక చాపే ఉంది. కుడి పాదం నేల మీద ఊని, కుడి చెయ్యి మోకాలి మీద వేసి, పళ్ళు బిగించి ఒళ్ళంతా పైకి నెట్టాడు. అంతా అయ్యాక, ఎడమ కాలు చివర్న వచ్చి పక్కన చేరింది. కాసేపు అటూ ఇటూ ఊగాడు. ఊగడం ఆగాక, "హమ్మయ్య," అన్నాడు.

"ఇంకోసారి లేస్తారా బాబాయ్? చెయ్యి దగ్గర అందలేదు," అంది బొమ్మలమ్మాయి.

మళ్ళీ కూర్చున్నాడు, మళ్ళీ లేచాడు. ఈసారి మోకాలు అందలేదంది. మళ్ళీ చేశాడు. చొక్కా వీపుకి అతుక్కుపోయింది, ముఖం పాలిపోయింది. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "చాల్లేవే, ప్రాణం తీస్తావా ఏంటి మనిషిని!" అని అరిచాను యజమానుల ఎదుటే.

"ఉండమ్మా. ఇంకో రెండు గడులేనంట," అన్నాడు నేల మీద నించి.

ఆ పుస్తకానికి ఒక పేజీ పెంచారు. మెరుపూ బొంగరమూ కలిసి ఊరికి నీళ్ళు తెచ్చే కథ అది. చివర్లో బొంగరం పడతాడు. నేను ఎప్పటిలాగే 'ధబేల్' రాశాను. పేజీ తిప్పితే లేవడం ఉంది, పేజీ నిండా గడులు, ఒక్కో గడిలో ఒక్కో కదలిక. మెరుపు నవ్వదు, చెయ్యందించదు, పక్కనే నిలబడి ఎదురుచూస్తుంది. వాటి పక్కన ఏం రాయాలో నాకు తోచలేదు. పడటానికి మనకి ఎన్ని చప్పుళ్ళో! ధబ్బు, దభీ, ధడేల్, ఢమాల్. లేవడానికి నాకొక్కటీ దొరకలేదు. ఆయన్నే అడిగాను.

"చప్పుడేం ఉంటుందమ్మా?" అన్నాడు.

గడులన్నీ ఖాళీగా వదిలేసి, ఆఖరిదాంట్లో 'హమ్మయ్య' అని చిన్న అక్షరాలతో రాశాను.

పుస్తకం బజారుకి వెళ్ళాక కొన్నాళ్ళకి, ఒక సాయంత్రం ఆయన నా బల్ల దగ్గరికొచ్చాడు. "పుస్తకం చూశాక మనవరాలు మళ్ళీ బడికి పోతోంది. దాన్ని తీసుకురావడానికి వెళ్తున్నా. కూతురే వెళ్ళమంది. ఒక్కణ్ణే వెళ్ళాలంటే జంకుగా ఉంది, కాస్త తోడు రామ్మా."

గేటు బయట ఒక అరుగుంది. దాని మీద ఇద్దరం చతికిలబడ్డాం. లోపల దుమ్ము రేగేలా ఆడుతున్నారు పిల్లలు. కొందరు కావాలని ధబేల్‌మని పడి, దొర్లి, అరచేతులు ఆన్చి లేస్తున్నారు. రెండు జడల పిల్ల ఒకతె మధ్యలో నిలబడి దబాయిస్తోంది. ఒళ్ళు ఒక పక్కకి ఒరిగి ఉంది, ఆ ఒరుగు చూడగానే ఎవరి మనవరాలో తెలిసింది.

"అలా కాదు! ఆ కాలు ఆఖర్న రావాలి. నీకెన్నిసార్లు చెప్పాలి?"

అంతా బాగుపడిపోయిందని చెప్పను. ఒక వెధవ ఆ పిల్ల వెనకాల నడక వెక్కిరిస్తూ తిరుగుతూనే ఉన్నాడు. బొంగరం అనే పిలుస్తున్నారందరూ. ఇంతలో గంట కొట్టారు. పిల్లలు గేటువైపు పరిగెత్తారు, ఆ పిల్ల కూడా పరిగెత్తింది. పరిగెత్తి, గేటు ముందు నిజంగానే పడింది. మోకాలు చీరుకుంది.

పక్కన ఆయన దిగ్గున లేవబోయాడు. నేను చెయ్యి పట్టుకున్నాను. పిల్లలు ఆగిపోయారు. ధబేల్ అని ఎవరూ అనలేదు. పేజీ తిప్పడానికి చూస్తున్నట్టు అందరూ ఆ పిల్లనే చూస్తున్నారు. అది పెదవి కొరుక్కుంటూ కుడిపక్కకి దొర్లింది. అరచేతులు ఆన్చింది. మోకాలు లాక్కుంది. లేచి, ఊగి, నిలబడింది.

"హమ్మయ్య," అన్నారు పిల్లలంతా ఒక్క గొంతుతో. వెక్కిరించే వెధవ కూడా అన్నాడు.

పిల్ల కుంటుకుంటూ వచ్చి తాత ముందు నిలబడి, గౌను దులుపుకుంది. ఆయన కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"తాతయ్యా, లే. వీళ్ళకి నువ్వొకసారి చూపించు, నేను చెప్తే నమ్మట్లేదు."

ఆయన వెనక గోడకి వీపు ఆనించి, కురచ కాలు ముందుకి చాపుకున్నాడు.

"నువ్వు చూపించావుగా తల్లీ, చాలు," అన్నాడు. "నేను కాసేపు కూర్చుంటాను."